జాబిల్లికి జేజేలు, పరిశోధకుడికి పస్తులు

చంద్రుడి మీద మనకు మూడు జాగాలున్నాయి. రిజిస్ట్రేషన్ ఒక్కటే తక్కువ. 2008లో చంద్రయాన్-1 నుంచి విడిపోయిన పెట్టె వెళ్లి గుద్దుకున్న చోటు జవహర్ పాయింట్. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిన చోటు తిరంగా పాయింట్. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 సాఫీగా దిగిన చోటు శివశక్తి పాయింట్. దిగితే పేరు. కూలితే పేరు. కావాలని గుద్దినా పేరే. నామకరణాల్లో మన ఏలికలు వెనకబడ్డారని ఎవడైనా అంటే వాడి కళ్లు పోతాయి. చంద్రయాన్-3 దిగాక తిరంగా, శివశక్తి పేర్లు రెండూ ప్రకటించడానికి పట్టింది మూడే రోజులు.

మరి ఆ చోటి మట్టిలో ఏముందో తేల్చాల్సిన కుర్రాడికి ఫెలోషిప్పు పడటానికి ఎన్ని రోజులు? రోజులు కాదు మహాప్రభో. నెలల్లో లెక్కపెట్టండి.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుందాం. లేదంటే దేశద్రోహి అని ముద్ర వేస్తారు. ప్రజ్ఞాన్ రోవర్ చంద్రుడి మీద 103 మీటర్లు నడిచింది. అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల తయారుచేసిన ఎక్స్‌రే పరికరం 23 చోట్ల మట్టిని పరీక్షించింది. అది అనార్థోసైట్ జాతి శిల నుంచి వచ్చిన మట్టి అని తేలింది. అంటే ఏమిటి? చంద్రుడు ఒకప్పుడు కరిగిన శిలాసముద్రం. తేలికైన ఖనిజాలు పైకి తేలి గట్టిపడ్డాయి. ఈ సంగతికి దక్షిణ ధ్రువం దిక్కు నుంచి నేల మీదే నిలబడి సాక్ష్యం తెచ్చింది మనవాళ్లే. 2024 ఆగస్టులో 'నేచర్' పత్రిక అచ్చేసింది. అదే నెలలో డేటా కూడా అందరికీ తెరిచారు. ఎవరైనా దించుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. ఇదంతా నిజం. చప్పట్లు కొట్టండి. కొట్టారా? ఇక కూర్చోండి.

డేటా ఉచితమే. చదివేవాడి పొట్ట ఉచితం కాదు కదా?

జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37 వేలు. 2023 జనవరి నుంచి పెంచారు. అంతకుముందు 31 వేలు. అదైనా ఎన్నిసార్లు రోడ్డెక్కితే పెరిగిందో పాత స్కాలర్లను అడగండి. సరే, కాగితం మీద పెరిగింది. ఖాతాలోకి? ఇన్‌స్పైర్ అని ఒక ఫెలోషిప్ ఉంది. యూనివర్సిటీలో ఫస్టు ర్యాంకు కొట్టినవాళ్లకు ఇస్తారు. ఆ ర్యాంకర్లే 2024, 2025లో నెలల తరబడి పైసా పడలేదని బహిరంగంగా మొరపెట్టుకున్నారు. అద్దె కట్టలేక ఒకరు, అమ్మానాన్నల ముందు చెయ్యి చాపలేక ఒకరు. ఎందుకయ్యా ఆలస్యం అంటే నిధుల విడుదల పద్ధతి మారుతోందన్నారు. పద్ధతి మారేదాకా ఆకలి ఆగుతుందా? మంత్రిగారి జీతం ఏ పద్ధతి మారినప్పుడైనా ఆగిందా? పైగా ఫుల్‌టైమ్ ఫెలో ఇంకో కొలువు చేయకూడదని నిబంధన. మేమూ ఇవ్వం, నువ్వూ సంపాదించుకోకు. ఈ నిబంధన మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం కాదు.

రాకెట్ నమూనాకు తిరుమలలో దర్శనం దొరుకుతుంది. స్కాలరుకు ఫెలోషిప్ దర్శనమే దుర్లభం.

ఇక పెద్ద ప్రకటనలు. అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థ అన్నారు. ఐదేళ్లలో 50 వేల కోట్లన్నారు. హెడ్‌లైన్లు అదిరాయి. చిన్న అక్షరాలు చదివారా? అందులో 36 వేల కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచి వస్తాయట. మాటిచ్చింది సర్కారు, జేబులో చెయ్యి పెట్టాల్సింది ఇంకొకరు! ఏ సేఠ్‌జీ చందమామ రాళ్ల వయసు తెలుసుకుందామని చెక్కు రాస్తాడు? రాళ్లలో బంగారం ఉందంటే రాస్తాడేమో. 2025లో ఇంకో లక్ష కోట్ల పథకం వచ్చింది. అది ప్రధానంగా ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే అప్పు. శుక్రుడి వాతావరణం మీద పనిచేసే పిల్ల ఏం తాకట్టు పెట్టి తీసుకోవాలి? థీసిస్సా?

దేశం పరిశోధనకు పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం. చైనా రెండున్నర శాతం దాటేసింది. మనం విశ్వగురువులం. గురువుకు దక్షిణ పుచ్చుకోవడమే తెలుసు, ఇవ్వడం తెలియదు.

ఇచ్చిన ఆ కాస్తలోంచి కూడా లాక్కోవడం మన ప్రత్యేక విద్య. ప్రభుత్వ సొమ్ముతో నడిచే పరిశోధన సంస్థలు పరికరాలు కొంటే 2022 జూలై దాకా జీఎస్టీ 5 శాతం. ఆ రాయితీ ఎత్తేశారు. చాలా పరికరాలకు 18 శాతం పడింది. సర్కారు కుడిచేత్తో గ్రాంటు ఇస్తుంది, ఎడమచేత్తో పన్ను వసూలు చేస్తుంది. మధ్యలో నష్టపోయింది ఎవరు? కొనాల్సిన స్పెక్ట్రోమీటరు. అంతటితో ఆగారా? అసలు పరిశోధన గ్రాంటు మీదే పన్ను కట్టమని ఐఐటీ ఢిల్లీకి 120 కోట్ల నోటీసు పంపారు. దేశమంతా ముక్కున వేలేసుకున్నాక 2024 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ గ్రాంట్లకు మినహాయింపు ఇచ్చింది. పరిశోధనకు కనీసం నోటీసైనా ఠంచనుగా అందుతుందని అప్పుడే తెలిసింది.

పిల్లల సంగతీ చూద్దాం. రేపటి పరిశోధకులు వాళ్లే కదా. చంద్రయాన్-3 దిగే సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ప్రత్యేక సభలు పెట్టి చూపించమని యూజీసీ కాలేజీలన్నిటినీ కోరింది. చూశాం, పులకించాం. ఆ రోవర్ మోసుకెళ్లిన ఎక్స్‌రే పరికరం పనేమిటి? మట్టిలో ఏ మూలకం ఎంతుందో చెప్పడం. సరిగ్గా అదే ఏడాది మార్కెట్లోకొచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో మూలకాల ఆవర్తన పట్టిక పాఠం లేదు. పిల్లల మీద భారం తగ్గించడానికి తీసేశారట. ఆ తర్వాత చంద్రయాన్ గురించి పిల్లల కోసం ప్రత్యేక పాఠాలు వేశారు. వాటిలో 'వైమానిక శాస్త్రం' అనే గ్రంథానికి భేషుగ్గా చోటు దొరికింది. మూలకాలు బరువు, పుష్పక విమానాలు తేలిక. ఏం తూకమండీ ఇది?

ఇదంతా ఢిల్లీ భాగోతం, మనకేం అనుకుంటున్నారా? మన పెరడు చూడండి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ఒక్క మనిషి సొంత డబ్బుతో హైదరాబాద్‌లో వేధశాలకు పునాది వేశాడు. అదే నిజామియా. అంతర్జాతీయ నక్షత్ర పటం పనిలో ఆ వేధశాల ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టింది. కంప్యూటర్లు లేవు. ఫొటో పలకలు, కంటి చూపు, ఓపిక. అంతే. తర్వాత ఉస్మానియా చేతికొచ్చింది. రంగారెడ్డి జిల్లాలోని జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1968లో అది పనిలోకి దిగినప్పుడు దేశంలో దానికి సాటి లేదు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి బయటి దేశాల శాస్త్రవేత్తలు కూడా ఆ ఊరికే వచ్చారు.

ఇవాళ? బేగంపేటలోని నిజామియా కట్టడం శిథిలం. రంగాపూర్ టెలిస్కోపు ఏళ్ల తరబడి మూలన పడింది. నిజాం కాలంలో నవాబు సొంత జేబులోంచి పెట్టగలిగాడు, ప్రజాస్వామ్యంలో ప్రజల జేబులోంచి తీసినా పెట్టలేకపోతున్నాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఎకరం ధర చెప్పమంటే ఏ నాయకుడైనా నిద్రలో లేపినా చెబుతాడు. ఆ టెలిస్కోపు అద్దం పరిస్థితేమిటో ఒక్కరినైనా చెప్పమనండి!

అద్దం సంగతి వదిలేయండి, మనుషులున్నారా? తెలంగాణ వర్సిటీల్లో మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 3,220 పోస్టులకు ప్రకటన ఇచ్చారు. అది కోర్టు మెట్ల మీదే కూలబడింది. మన రాష్ట్రాల్లో గ్రహశాస్త్రం చదవాలనుకున్న పిల్లాడు జియాలజీలో సగం, ఫిజిక్స్‌లో సగం ఏరుకోవాలి. గైడు దొరికితే అదృష్టం. రాకెట్లు ఎగిరేది మన తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచే. ఎగిరినప్పుడు మనకు మిగిలేది శబ్దం.

పోనీ, అమెరికా పోతాడులే అంటారా? తెలుగువాడికి ఆఖరి మంత్రం అదే కదా. అక్కడా తలుపులు మూస్తున్నారు. 2025లో వైట్‌హౌస్ నాసా సైన్సు బడ్జెట్‌ను దాదాపు సగానికి నరకమని ప్రతిపాదించింది. మార్స్ రోవర్లు తయారుచేసిన జేపీఎల్ ఆ అక్టోబరులో సుమారు 550 మందిని ఇంటికి పంపింది. అక్కడి సీనియర్లే రోడ్డు మీదుంటే మనవాడికి పోస్ట్‌డాక్ ఎవరిస్తారు?

సరే, మళ్లీ మన దగ్గరికే వద్దాం. చవకే మన ఘనత. 2014లో ప్రధాని న్యూయార్క్‌లో చెప్పారు గుర్తుందా? అహ్మదాబాద్‌లో ఆటోకు కిలోమీటరుకు పది రూపాయలు, మనం అంగారకుడికి ఏడు రూపాయలకే వెళ్లామని. హాలు దద్దరిల్లింది. ఆ 450 కోట్ల మంగళయాన్ 1,337 కిలోల బరువుతో బయల్దేరింది. అందులో శాస్త్ర పరికరాలు 15 కిలోలు. ఆటో చవకే. ప్రయాణికుడికి చోటెక్కడ?

ఇప్పుడు శుక్రుడికి 1,236 కోట్లు, చంద్రయాన్-4కు 2,104 కోట్లు మంజూరయ్యాయి. 2024 సెప్టెంబరులో కేబినెట్ ఒప్పుకుంది. మంచిదే. శుక్రుడి వైపు 2028లో బయల్దేరతారట. చంద్రుడి మట్టిని ఇక్కడికే తెస్తారట. ఆ డేటా చదవాల్సినవాడు, ఆ మట్టిని సూక్ష్మదర్శిని కింద పెట్టాల్సినవాడు ఇప్పుడే పీహెచ్‌డీలో ఉండాలి. ఉన్నాడు. హాస్టల్ మెస్ బాకీలో ఉన్నాడు.

కాబట్టి పాఠక మహాశయా, ఈసారి జాతీయ అంతరిక్ష దినోత్సవం సభకు పిలిస్తే వెళ్లండి. మంత్రిగారు మైకు వదిలాక లేచి ఒక్కటే అడగండి. 'అయ్యా, ఈ హాల్లో కుర్చీలు సర్దిన స్కాలర్లకు పోయిన నెల ఫెలోషిప్పు పడిందా?' పడలేదంటే చప్పట్లు కొట్టకండి. బాకీ తీర్చిన రోజే కొడతామని చెప్పి రండి.