గుండె ఆగడానికి ఆఫీసు వేళలు

గోడమీద గుండె బొమ్మ, మెరుపు గుర్తు ఉన్న ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) పెట్టెను చూస్తే ఆ యాజమాన్యం దయాగుణానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది, దాని తాళం కంటపడేదాకా. తాళంచెవి మేనేజరుగారి దగ్గర, మేనేజరుగారు సెలవులో! ఇది మన పేదరికం తెచ్చిన తెలివి అనుకోనక్కర్లేదు. సంపన్న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో నమోదైన 552 ఏఈడీలను పరిశీలిస్తే, 24 గంటలూ చేతికందేవి 50 మాత్రమేనని 2013లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తక్కినవాటికి వేళాపాళా ఉంది. గుండెలకే క్రమశిక్షణ లేదు. అదే నగరంలో బహిరంగ స్థలాల్లో గుండె ఆగినవారిలో నూటికి అరవైమందికి పైగా సాయంత్రాలు, రాత్రులు, వారాంతాలు చూసుకునే కూలిపోయారు.

తాళం ఎందుకయ్యా అంటే, శిక్షణ లేనివాళ్లు ముట్టుకుంటే ప్రమాదమట. గుండె ఆగి, ఊపిరి లేక నేలమీద పడి ఉన్న మనిషికి ఇంకా చేయగల ప్రమాదం ఏం మిగిలిందో వారే సెలవివ్వాలి. ప్యాడ్‌లు ఎక్కడ అంటించాలో వాటిమీదే బొమ్మ ఉంటుంది, తరవాతి పని యంత్రమే నోరు విప్పి చెబుతుంది. గుండె లయను తానే పరీక్షిస్తుంది, అవసరం లేకపోతే బటన్ ఎంత నొక్కినా షాక్ ఇవ్వదు. షాక్ ఇచ్చే క్షణంలో రోగిని ఎవరూ తాకకూడదన్నది నిజమే, ఆ హెచ్చరికా అదే చేస్తుంది. 1999లో అమెరికాలో ఆరో తరగతి పిల్లలకు ఏ శిక్షణా లేకుండా ఒక బొమ్మ రోగినీ, ఈ యంత్రాన్నీ అప్పగిస్తే సగటున 90 సెకన్లలో షాక్ ఇచ్చారు. వృత్తి నిపుణులకు పట్టింది 67 సెకన్లు. మన మేనేజరుగారికి తాళంచెవి వెతకడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. షికాగో విమానాశ్రయాల్లో గుండె ఆగినా ఇలాంటి పెట్టెల పుణ్యమా అని బతికి బయటపడ్డ 11 మందిలో ఆరుగురిని కాపాడినవారు అంతకుముందు ఈ యంత్రం వాడి ఎరగరు. వారిలో ముగ్గురు వైద్య పట్టభద్రులన్నది ఒప్పుకోవలసిందే. మిగతావాళ్లు మామూలు జనమే కదా.

అంబులెన్స్ వస్తుందిగా అంటారు. షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ, ఛాతీ నొక్కేవారు కూడా లేకపోతే, బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తరిగిపోతుంది. అమెరికా జూదశాలల్లో మూడు నిమిషాల లోపు షాక్ అందినవారిలో 74 శాతం బతికారు, ఆ గడువు దాటినవారిలో 49 శాతమే. 2005 నుంచి నడుస్తున్న మన 108 ఎంత పరుగెత్తినా ట్రాఫిక్ దాటి మూడు నిమిషాల్లో పక్కన వాలలేదు. జూదగాళ్ల గుండెకు దక్కిన మర్యాద షాపింగ్ మాల్‌కు వచ్చిన గృహస్థుడి గుండెకు దక్కకపోవడం మటుకు వింతే. చాలా గుండెలు ఇంట్లోనే ఆగుతాయి, గోడమీది పెట్టె వాటికి అక్కరకు రాదన్న వాదనలో పస ఉంది. అందుకే ఛాతీ నొక్కే సీపీఆర్ ప్రతి ఇంటికీ తెలియాలి. కానీ ఇంట్లో పోయేవాళ్లు ఎక్కువ కనుక బజారులో పోయేవాళ్ల పెట్టెకు తాళం వేద్దామనడం ఏ తర్కం? ఇక దొంగల భయమా, తలుపు తీస్తే మోగే అలారం బిగించుకోవచ్చు. మీ కార్యాలయంలోనో, మాల్‌లోనో ఈ పెట్టె కనబడితే ఒక్క ప్రశ్న అడగండి: రాత్రి తొమ్మిదింటికి దీన్ని ఎవరు తెరుస్తారు?