ముప్పాతిక బండ

అమెరికాలో స్థిరపడిన తెలుగువాడికి బేరసారాల్లో ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. సోనా మసూరి బస్తా పక్క ఊరి కొట్లో రెండు డాలర్లు తక్కువని వాట్సాప్‌లో కనపడితే అరగంట కారు నడిపి వెళ్తాడు. బెండకాయ కొస విరిచి చూడనిదే సంచిలో వెయ్యడు. పెట్రోలు గ్యాలనుకి నాలుగు సెంట్లు కలిసొస్తాయంటే అరడజను కార్ల వెనక వరసలో నిలబడతాడు. ఇంత లెక్క తెలిసిన మనిషి జులై 4న చికెన్‌కి మసాలా పట్టించి, నాలుగు కుటుంబాలని భోజనానికి పిలిచి, హార్డ్‌వేర్ స్టోరు బయట గ్యాసు బండలుండే ఇనప బోను ముందు తేలతాడు. ఖాళీ బండ లోపల పెట్టించి, ముప్పాతిక గ్యాసున్న బండ బయటికి తీయించి, నిండు బండ డబ్బులు కట్టి, "భలే ఈజీ అండీ!" అని మురిసిపోతాడు.

అమెరికా వంటింట్లో పొయ్యి కరెంటుదో, గొట్టం గ్యాసుదో ఉంటుంది. ప్రొపేన్ బండతో పని పెరట్లో గ్రిల్లుకే. మనవాళ్లకి ఇంకో పని కూడా ఉంది. చేపల వేపుడు వాసన కార్పెట్‌కి పట్టకూడదనీ, పొగకి అలారం మోగకూడదనీ, వెనక పెరట్లో పెద్ద బర్నరు పెట్టుకుని బజ్జీలూ బిర్యానీ అక్కడే కానిచ్చే తెలుగిళ్లు డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా ఉన్నాయి. గ్యాసు కాల్చడంలో మనం అమెరికావాళ్లకేమీ తీసిపోం. బండ ఖాళీ అయితే దారులు రెండు. బోను దగ్గర మార్చుకోవడం ఒకటి. సొంత బండని యూ-హాల్, ట్రాక్టర్ సప్లై లాంటి కొట్లకో, ప్రొపేన్ డీలరు దగ్గరికో పట్టుకెళ్లి నింపించుకోవడం రెండోది. నింపేచోట చాలావరకు ఎన్ని గ్యాలన్లు ఎక్కితే అన్నిటికే డబ్బులు.

దీన్ని 20 పౌండ్ల బండ అంటారు, అంత గ్యాసు పడుతుంది గనక. సుమారు 4.7 గ్యాలన్లు. మార్పిడి బండలో మాత్రం మామూలుగా ఉండేది 15 పౌండ్లు. దాచిపెట్టారని అనకండి, లేబుల్ మీద రాసే ఉంటుంది. చట్టానికి అది చాలు. మన పాలవాడు లీటరు చెంబుకి డబ్బులు తీసుకుని ముప్పావు లీటరు పోసి, ఆ సంగతి చెంబు అడుగున చిన్న అక్షరాలతో రాసిపెడితే తూనికలు కొలతలవాళ్లు వదిలేస్తారేమో గానీ, అత్తగారు వదలదు.

ఈ 15 ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2008 దాకా ఆ బండల్లో 17 పౌండ్లు పోసేవారు. ఆ ఏడు ప్రొపేన్ ఖరీదు పెరిగింది. ధర పెంచితే కొనేవాడు గుర్తుపడతాడు. గ్యాసు తగ్గిస్తే గుర్తుపట్టడు, ఇనుములోంచి లోపలికి కనపడదు కదా! మార్కెట్లో పెద్దన్నలిద్దరు, బ్లూ రైనో, అమెరిగ్యాస్, 17ని 15 చేసి ధర మాత్రం కదపలేదు. వాల్‌మార్ట్ మొదట ఒప్పుకోలేదు. అప్పుడు ఇద్దరూ కూడబలుక్కుని దాన్ని దారికి తెచ్చారని 2014లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. మార్పిడి బండల టోకు వ్యాపారంలో 80 శాతం దాకా ఈ ఇద్దరిదేనని కూడా చెప్పింది. 17కి బదులు 15 ఇచ్చి పాత ధరే తీసుకుంటే ధర 13 శాతం పెంచినట్టే. అంతా అయ్యాక తప్పు ఒప్పుకోకుండానే కంపెనీలు రాజీపడ్డాయి. బండలో గ్యాసు ఎంత పోయాలో ఇకమీదట పోటీదారుతో కూడబలుక్కోవద్దని కమిషన్ ఆదేశించింది. మంచిదే. 17 మాత్రం తిరిగి రాలేదు. మొక్కజొన్న పొత్తు సగం కాలి ఆగిపోవడం కమిషన్ పరిధిలోకి రాదు.

ఈ మాట ఎత్తగానే పార్టీలో ఒక పండితుడు లేస్తాడు. ప్రతి పాట్‌లక్‌లోనూ ఒకాయన ఉంటాడు, చేతిలో ప్లేటుతో, గ్రిల్లు పక్కనే. "అన్నా, సేఫ్టీ కోసం 80 శాతమే నింపాలి. అందుకే 15." వింటే ఇంజినీరింగులాగే ఉంటుంది. ప్రొపేన్ ద్రవం వేడికి వ్యాకోచిస్తుంది, పైన ఖాళీ ఉండాలి, 80 శాతం నియమం నిజమే. కానీ ఆ ఖాళీ వదిలాకే 20 పౌండ్లు! బండ మెడ దగ్గర డబ్ల్యూసీ 47.6 అని కొట్టి ఉంటుంది. అందులో 47.6 పౌండ్ల నీళ్లు పడతాయని అర్థం. ప్రొపేన్ బరువు నీటిలో సగం. అయిదింట నాలుగు వంతులు నింపి లెక్క కట్టండి, 20కి దగ్గరగా వచ్చి ఆగుతుంది. ఆ పైన ఎక్కకుండా కాపలా కూడా ఉంది. మూడు మూలల పిడి ఉన్న వాల్వు మోతాదు దాటితే గ్యాసుని లోపలికి పోనివ్వదు. అది లేని గ్రిల్లు బండని 2002 నుంచి నింపనే కూడదు. అంటే భద్రత కోసం వదిలిన ఖాళీ కింద వ్యాపారం కోసం వదిలిన ఖాళీ ఇంకోటి ఉంది. పండితుడు రెండిటికీ కలిపి దణ్ణం పెడుతున్నాడు.

మిగులు సంగతి చూడండి. పార్టీ మధ్యలో మంట ఆరిపోతే పరువు పోతుందని అడుగున మూడు పౌండ్లు ఉండగానే బండ మార్చేస్తారు. బోనులో పెట్టిన ఆ మూడు పౌండ్లకి ఒక్క సెంటు కూడా వెనక్కి రాదు. మార్పిడి 22 డాలర్లు, నింపుడు గ్యాలను 4 డాలర్లు అనుకుందాం. మీ ఊరి ధరలు వేరైతే అవే వేసుకోండి. నింపించుకుంటే పౌండు డాలరు లోపు. మార్చుకుంటే దాదాపు డాలరున్నర. మూడు పౌండ్లు దానం చేసినవారికి డాలరూ ఎనభై సెంట్లు దాటింది. గుడి హుండీలో వేసినా రసీదు ఇచ్చేవారు.

మన అలవాటుకి మూలం ఊళ్లో ఉంది. అక్కడ ఇంటి గ్యాసంటే మార్పిడే. నింపడం అన్నామా, సందులో చిన్న బండల్లోకి దొంగచాటుగా గ్యాసు ఎక్కించే కొట్టూ, పేలుడూ, పేపర్లో ఫోటో గుర్తొస్తాయి. ఆ భయం మనతోపాటే విమానమెక్కింది. అమెరికాలో అదే పని శిక్షణ ఉన్న మనిషి, లెక్క చూపే మీటరుతో, పట్టపగలు చేస్తాడని ఎంతమంది చెప్పినా మనసొప్పదు. అయితే ఊరి మార్పిడికి ఒక మర్యాద ఉంది. ఇంటి బండలో 14.2 కిలోలు ఉండి తీరాలి. ఖాళీ బరువు బండ మీదే రాసి ఉంటుంది. అనుమానమొస్తే తూచి చూపించమని అడిగే హక్కు ఉంది. "ఏంటయ్యా, ఇంత తేలిగ్గా ఉంది? కాటా తియ్యి" అని గుమ్మంలోనే నిలదీసిన అమ్మలకి పుట్టినవాళ్లం. కొడుకులు మాత్రం బోను ముందు క్రెడిట్ కార్డు గీకి థాంక్యూ చెబుతున్నారు.

బోను అసలు పనికిరాదని అనను. రాత్రిపూట గ్యాసు అయిపోతే నింపేవాడి కొట్టు కట్టేసి ఉండొచ్చు. తయారై 12 ఏళ్లు దాటిన బండని మళ్లీ తనిఖీ చేయించి ముద్ర వేయించనిదే నింపరు. తుప్పు తినేసినదాన్ని అసలు ముట్టుకోరు. అలాంటిదాన్ని నిశ్చింతగా బోనులో పెట్టి, కాస్త కొత్త తేదీ ఉన్నది ఎంచి తెచ్చుకోండి. తర్వాత కొన్నేళ్లు నింపించుకోవచ్చు. మనవాళ్లు దీన్ని కూడా తిరగేసి చేస్తారు. గ్రిల్లుతోపాటు సరికొత్త బండ కొని, మొదటిసారి ఖాళీ అవగానే దాన్ని బోనుకి సమర్పించి, కొత్త రంగు వేసిన ఎవరిదో చొట్టల బండని ఇంటికి తెచ్చుకుంటారు.

బరువు తగ్గడానికని కొన్న కాటా బాత్రూములో ఎలాగూ ఖాళీగానే ఉంది. మార్చి తెచ్చిన బండని ఒక్కసారి దాని మీద పెట్టండి. మెడ దగ్గర టీడబ్ల్యూ పక్కన ఖాళీ బరువు ఉంటుంది, మామూలుగా 17 పౌండ్ల చుట్టుపక్కల. దాన్ని తీసేసి మిగిలింది చూడండి. ఆ అంకె చూశాక కూడా ఈజీ అనిపిస్తే బోను తాళం తీయించుకోండి. లేదంటే పార్టీకి ముందురోజే బండని కార్లో నిలువుగా కదలకుండా పెట్టి, అద్దాలు దించుకుని, నింపించుకు రండి.