చీర్స్, డ్రైవ్! – టీకా తాత్పర్య సహితము

మూలము: ఆల్‌రైట్, మేట్? బిట్ నిప్పీ, ఇన్నిట్? చీర్స్, డ్రైవ్!

అవతారిక: ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగరమున సిటీబస్సు ఎక్కువాడు మొదటి రెండు మాటలను, దిగునపుడు మూడవదానిని డ్రైవరుతో పలుకుచున్నాడు.

టీక: ఆల్‌రైట్ = కుశలమా. ప్రశ్నవలె వినబడును, ప్రశ్న కాదు. మన వీధిలో "ఏంటి, బజారుకా?" అనువాడు సంచి విప్పి చూపుమనుట లేదు గదా! "ఆల్‌రైట్" అని తిరిగి అనుటయే జవాబు. ఇది తెలియక ఈ వ్యాఖ్యాత తొలి జనవరిలో డ్రైవరుకు తన మోకాలినొప్పి పూర్వాపరములు వివరించెను. వెనుక వానలో నిలిచినవారు పల్లెత్తు మాటనలేదు. ఒకాయన మాత్రము దగ్గెను. దగ్గుట ఆ దేశమున తిట్టు.

మేట్ = ఓ సహపంక్తీ! ఇంగ్లీషు 'మీట్'కు ఈ పదము చుట్టము; కలిసి కూర్చుండి తినువాడని తొలి అర్థము.

బిట్ = ఇంచుక. ముక్కు ఊడిపడు చలిని ఇంచుక అనుట అల్పోక్తి. నిప్పీ = గిల్లునట్టిది. నిప్పుతో సంబంధము కల్పించువారు ఆ బస్సు ఎక్కనివారు.

ఇన్నిట్ = కదా. "ఇన్నిటియందు" అని చెప్పుట అపార్థము. 'ఇజంట్ ఇట్' అరిగి ఇట్లైనది. బడి ఇంగ్లీషున కర్త మారినను కాలము మారినను ఈ తోక మారవలెను: డోంట్ దే, వాజంట్ షీ, హావెంట్ వియ్. దీనికై మనమెన్ని బెత్తపుదెబ్బలు తింటిమి! ఇన్నిట్‌కు ఆ బాధ లేదు. వాడైనను వారైనను, నిన్నయైనను రేపైనను అదే చాలును. మన 'కదా' యెన్నడైన మారెనా? ఇంగ్లీషు ఇన్నాళ్లకు దారికి వచ్చినది.

చీర్స్ = కృతజ్ఞుడను. చీరకు బహువచనము కాదు. పాత ఫ్రెంచిలో ముఖమని అర్థము. ముఖము ముఖవికాసమై, అది గ్లాసెత్తునపుడు శుభాకాంక్షయై, తుదకు బస్సు దిగునపుడు నమస్కారమైనది.

డ్రైవ్ = డ్రైవరూ! ఇచట రలోపము. బ్రిస్టల్ వారు ఒకచోట కోసినది వేరొకచోట అతికింతురు: 'ఐడియా'ను 'ఐడియల్' అందురు. ఊరిపేరు చివరి లకారమును అట్లు అతుకుకొన్నదే యందురు.

పాఠాంతరము: 'మేట్'కు మారుగా 'మై లవర్'. డెబ్బయ్యేండ్ల కొట్టు ముసలమ్మ చిల్లర చేతిలో పెట్టుచు ఇట్లన్నచో మన కుర్రవాడు చెవులెర్ర చేసికొననక్కరలేదు. "నాయనా" అని భావము.

తాత్పర్యము: చలి చంపుచున్నది, దిగుచున్నాను.

విశేషము: అచట ఎమ్మెస్ చదివిన మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చి, బెజవాడలో ఆటో దిగి, నోట్లు చేతిలో పెట్టి "చీర్స్ అన్నా!" అనెను. ఆటో ఆయన వాని ముఖము, పిదప గడియారము చూచి, "పొద్దున్నే ఏంటండీ! ముందు ఇంకో ఇరవై ఇవ్వండి" అనెను.