కంచుకోట అద్దెకివ్వబడును

ఎన్నికల్లో ఓడిపోయిన పెద్ద నాయకుడికి మన దగ్గర రాజ్యసభ ఉంది. వెనక గుమ్మంలోంచి వచ్చి ముందు వరసలో కూర్చోవచ్చు. కెనడాలో పాపం ఆ సదుపాయం లేదు. అక్కడి సెనేట్ సీట్లు ప్రధాని చేతిలో ఉంటాయి. రోజూ తన మీద విరుచుకుపడేవాణ్ని ఏ ప్రధానీ తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టడు. మరి ప్రతిపక్ష నాయకుడే ఓడిపోతే ఎలా? ఆ కష్టం తీర్చడానికి వాళ్లకు బ్యాటిల్ రివర్-క్రోఫుట్ ఉంది.

ఆల్బర్టా రాష్ట్రంలో తూర్పున ఉంటుందీ నియోజకవర్గం. విస్తీర్ణం చూస్తే తెలంగాణలో దాదాపు సగం, జనం మాత్రం లక్ష దాటి కొద్ది వేలు. గోధుమ చేలు, కనోలా చేలు, ఆవుల మందలు, హార్డిస్టీ దగ్గర ముడిచమురు ట్యాంకులు, వాటి కడుపులోంచి బయల్దేరే పైపులైన్లు. ఉన్నవాటిలో పెద్ద ఊరు కామ్రోజ్. డ్రమ్‌హెల్లర్ అనే ఇంకో ఊళ్లో 26 మీటర్ల ఎత్తున రాక్షసబల్లి బొమ్మ కట్టారు. మెట్లెక్కి దాని నోట్లో నిలబడి ఊరంతా చూడొచ్చు. అంతరించిపోయిన జీవాలకు ఇక్కడ అంత మర్యాద ఉంది. లిబరల్ పార్టీకి మాత్రం ఆ మర్యాద కూడా దక్కలేదు.

2019లో కన్జర్వేటివ్ అభ్యర్థి డేమియన్ క్యూరెక్‌కు ఇక్కడ నూటికి 85 ఓట్లు పడ్డాయి. 2025 ఏప్రిల్ 28న కూడా ఎనభై దాటించి గెలిపించారు. స్థానికుడు, వ్యవసాయ కుటుంబం, కుర్రాడు. ఇంకేం కావాలి? ఫలితాలొచ్చి వారం తిరగకముందే ఆయన రాజీనామా చేస్తానన్నాడు. ఆరోగ్యం బాగాలేక కాదు, కుంభకోణం బయటపడీ కాదు. అదే రాత్రి, వేల కిలోమీటర్ల అవతల రాజధాని ఒట్టావా శివారులోని కార్ల్‌టన్‌లో, పార్టీ నాయకుడు పియేర్ పొలియేవ్ సొంత సీటు పోగొట్టుకున్నాడు. 2004 నుంచీ ఎంపీ. ప్రధాని అయిపోయినట్టేనని నెలల తరబడి అందరూ అనుకున్న మనిషి. బ్రూస్ ఫ్యాంజాయ్ అనే కొత్త లిబరల్ అభ్యర్థి చేతిలో ఓడిపోయాడు. కాబట్టి ఆయనకో సీటు కావాలి. దేశంలో అన్నిటికన్నా భద్రమైన సీట్లలో ఒకటి వెతికారు.

ఇక్కడి ఓటరు అత్తారింటి వాళ్లలా తయారయ్యాడు. అల్లుడు ఏ వేళకొచ్చినా విస్తరి వేయాల్సిందే, కూర ఎలా ఉందో అల్లుడు చెప్పకపోయినా సరే. ఏప్రిల్‌లో వేసిన ఓటు మళ్లీ ఆగస్టులో, కోతలు మొదలయ్యే రోజుల్లో, ఇంకొకరికి వేయాలి. నాలుగు నెలల్లో రెండుసార్లు విశ్వాసం నిరూపించుకోమంటే ఎవరైనా చిరాకు పడతారు. వీళ్లు పడలేదు. ఆగస్టు 18న పొలియేవ్‌కు మళ్లీ నూటికి ఎనభై ఇచ్చారు. స్థానికురాలైన మాజీ సైనికురాలు బానీ క్రిచ్లీ ఏ పార్టీ అండా లేకుండా నిలబడి, ఈ ఊళ్లకు ఈ ఊళ్ల మనిషే ప్రతినిధిగా ఉండాలని ప్రచారం చేసింది. పదో వంతు ఓట్లతో రెండో స్థానం వచ్చింది. లిబరల్ అభ్యర్థి ఆమె వెనక ఎక్కడో దూరంగా ఉన్నాడు. ఈ గడ్డ మీద దాన్ని తిరుగుబాటు కిందే జమకట్టాలి.

అసలు వినోదం బ్యాలెట్ దగ్గర జరిగింది. బరిలో 214 మంది! ఎన్నికల నియమాలు రాసే పని పార్టీలకు కాకుండా స్వతంత్ర పౌరసభకు అప్పగించాలని అడిగే ఒక బృందం, నిరసనగా ఎక్కడ పేరున్న పోటీ ఉంటే అక్కడ అభ్యర్థుల్ని గుంపుగా దింపుతుంది. ఏప్రిల్‌లో కార్ల్‌టన్‌లోనూ 91 మంది, మీటరు పొడవు కాగితం. అక్కడ డిపాజిట్ కట్టే పని లేదు. 2017లో ఆల్బర్టా కోర్టే దాన్ని కొట్టేసింది. ఒకే ఓటరు ఎంతమంది నామినేషన్ల మీదైనా సంతకం పెట్టొచ్చు. 214 పేర్లు ఏ కాగితం మీదా పట్టవు గనక ఎన్నికల సంఘం చేతులెత్తేసింది. ఓటరుకు ఖాళీ గీత ఉన్న చీటీ ఇచ్చింది, అభ్యర్థి పేరు చేత్తో రాయమంది. పార్టీ పేరొక్కటే రాస్తే ఓటు చెల్లదు. స్పెల్లింగ్ తప్పినా ఎవరిని ఉద్దేశించాడో తెలిస్తే చాలు. దశాబ్దాలుగా అభ్యర్థి ఎవరో చూడకుండా పార్టీని చూసి గుద్దినవాళ్లంతా పెన్సిల్ పట్టుకుని, ఒక మనిషి పేరు మొదటిసారి కూడబలుక్కుంటూ రాశారు. నిరసనకారుల డిమాండ్ తీరలేదు గానీ, ఓటరు చేత అభ్యర్థి పేరు చదివించిన పుణ్యం మాత్రం వాళ్లదే.

ఊరితో సంబంధం లేనివాళ్లు వందల్లో వచ్చి పోటీకి దిగడం మోసమని, చట్టం మార్చాలని పొలియేవ్ మండిపడ్డాడు. న్యాయమైన కోపమే. కాకపోతే ఆయన కూడా ఒట్టావా నుంచి సూట్‌కేసుతో దిగినవాడే. కాల్గరీలో పుట్టి పెరిగానని చెప్పుకోవచ్చు. కాల్గరీ ఈ నియోజకవర్గంలో లేదు.

గుంపుగా బరిలో దిగే ఈ విద్యలో కెనడావాళ్లు మన ముందు పసివాళ్లు. 1996లో నల్లగొండలో 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన జిల్లా, నీళ్లివ్వమని అడిగే పద్ధతి అది. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. 2019లో నిజామాబాద్‌లో 185 మంది, అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ముఖ్యమంత్రి కూతురే ఓడిపోయింది, ఆరేళ్లకు పసుపు బోర్డూ వచ్చింది. అక్కడ నిలబడినవాడికి పొలం ఉంది, అప్పు ఉంది, ఓటు కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఆల్బర్టాలో నిలబడిన రెండొందల మందిలో ఎక్కువమందికి అక్కడ ఓటే లేదు.

ఇదంతా చదివి బ్యాటిల్ రివర్ రైతుల్ని గొర్రెల మంద అనుకోబోతున్నారా? ఆగండి. వాళ్ల చరిత్ర వేరే కథ చెబుతుంది, ఆ కథ వాళ్ల పార్టీకి బొత్తిగా నచ్చదు.

1921లో ఆల్బర్టా రైతులు రెండు పాత పార్టీల్నీ కాలదన్ని సొంత సంఘాన్ని గెలిపించారు. ఆ యేడే రాబర్ట్ గార్డినర్ అనే రైతు పార్లమెంటుకు వెళ్లాడు. తర్వాత ఈ ప్రాంతంలో కొంత భాగం అకాడియా అనే సీటయ్యాక 1935 దాకా ఆయనే. అప్పటికి హన్నా అనే ఊరి చుట్టుపక్కల వానలు మొహం చాటేసి, కుటుంబాలకు కుటుంబాలే పొలాలొదిలి పోయాయి. ఆ కరువులో విలియం అబర్‌హార్ట్ అనే రేడియో ప్రబోధకుడు మనిషికి నెలకు 25 డాలర్లు ఇప్పిస్తానన్నాడు. మన మేనిఫెస్టోల అభిమానులకు ఒళ్లు పులకరించాలి. 1935లో అతని సోషల్ క్రెడిట్ పార్టీ ఆల్బర్టాలో రాష్ట్రాన్నీ గెలిచింది, పార్లమెంటుకు 17కు 15 సీట్లూ గెలిచింది. గార్డినర్ ఆ పార్టీ అభ్యర్థి విక్టర్ క్వెల్చ్ చేతిలో ఓడిపోయాడు. ఆ 25 డాలర్లు నెలనెలా ఎవరి చేతికీ రాలేదు. క్వెల్చ్ మాత్రం 1958 దాకా పార్లమెంటులోనే ఉన్నాడు.

1958లో ప్రధాని డీఫెన్‌బేకర్ గాలి వీచింది. ఆల్బర్టాలో 17కు 17 సీట్లూ ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్‌లకే. అలా ఎగిరొచ్చినవాళ్లలో జాక్ హార్నర్ అనే పశువుల ఆసామి ఉన్నాడు. దాదాపు ఇరవయ్యేళ్లు ఓటమి ఎరగడు. 1976లో పార్టీ నాయకత్వానికి పోటీ చేసి ఓడాక, మరుసటి ఏడాది కండువా మార్చి అప్పటి ప్రధాని పియేర్ ట్రూడో లిబరల్ పార్టీలో చేరాడు, మంత్రి కూడా అయ్యాడు. మనవాళ్లయితే ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’ అనేవాళ్లు. 1979లో అదే జనం ఆయన్ని చిత్తుచిత్తుగా ఓడించి ఆర్నల్డ్ మలోన్‌ను పంపారు. ఇరవయ్యేళ్లుగా ఆ ఓట్లు తనవేనని పాపం హార్నర్ అనుకున్నాడు.

1993లో సొంత పార్టీ మీదే విసుగు పుట్టింది. ఒట్టావాలో తొమ్మిదేళ్లు కన్జర్వేటివ్‌లే ఏలినా పడమటి రాష్ట్రాల మాట చెల్లలేదని కోపం. అంతే, ఈ సీటు ప్రెస్టన్ మానింగ్ రిఫార్మ్ పార్టీకి వెళ్లిపోయింది. దేశమంతా కలిపి పాత పార్టీకి మిగిలినవి రెండంటే రెండు సీట్లు. ఆ రిఫార్మ్ తర్వాత అలయన్స్ అయింది, 2003లో అందరూ కలిసి నేటి కన్జర్వేటివ్‌లయ్యారు. బోర్డు మారింది, ఇక్కడి ఎంపీగా కెవిన్ సోరెన్సన్ 2000 నుంచి 2019 దాకా కొనసాగాడు.

అంటే ఇది ఎవరి కోటా కాదు. 1921, 1935, 1958, 1993. తరానికోసారి ఈ రైతులు అందరూ ఒక్కసారే గోడ దూకుతారు, ఒక్కడు కూడా వెనకబడడు. మధ్యలో ఎనభై శాతం చూసి పార్టీలు అది ప్రేమనుకుంటాయి. లిబరల్స్ అడుగు పెట్టరు, ఎందుకంటే ఓట్లు రావు. కన్జర్వేటివ్‌లూ పెద్దగా పట్టించుకోరు, ఎందుకంటే పోవు. 1980లో ట్రూడో జాతీయ ఇంధన విధానం పేరుతో తమ చమురు మీద చెయ్యేశాడన్న మంట ఇంకా ఆరలేదు. ఆ మంట మీద ఎంతమంది చలి కాచుకున్నారో లెక్కలేదు. ట్రూడో పేరు చెబితే చాలు, ఆస్పత్రి గురించి, పల్లె బడి గురించి ఎవరూ అడగరు.

సీటు ఖాళీ చేయించి నాయకుణ్ని కూర్చోబెట్టడంలో కూడా మనవాళ్లే ముందు. 1991లో పీవీ నరసింహారావు ప్రధాని అయ్యేటప్పటికి లోక్‌సభ సభ్యుడు కాడు. నంద్యాలలో గంగుల ప్రతాపరెడ్డి సీటు వదిలారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీ రామారావు అభ్యర్థినే నిలబెట్టలేదు. ఆధిక్యం ఐదు లక్షల పైచిలుకు, అప్పటికి ప్రపంచ రికార్డు. బ్యాటిల్ రివర్‌లో జరిగింది దాని ముందు వార్డు ఎన్నిక. ఐదేళ్ల తర్వాత పీవీ నంద్యాలలోనూ ఒడిశాలోని బరంపురంలోనూ నిలబడి రెండు చోట్లా గెలిచారు. గెలిచి నంద్యాలను వదిలేశారు. ఆ ఉపఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థి భూమా నాగిరెడ్డి లక్షల ఆధిక్యంతో గెలిచాడు.