కాగితము విడిచిన ఆవర్జా

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను దుకాణపు లెక్కలను నేను. ఎఱ్ఱగుడ్డ అట్టగాని, దారపు కుట్టుగాని నాకు లేవు. కంప్యూటరులో నాలుగంకెల పేరుగల యొక ఫోల్డరులో, ‘.500’ అను తోక తగిలించుకొన్న కొన్ని ఫైళ్లే నా శరీరము. నా పద్దులు 2005 ఏప్రిల్ 1 నుండి, అనగా రాష్ట్రమున వ్యాట్ అమలులోనికి వచ్చిన దినమునుండి ప్రారంభమగుచున్నవి. అంతవరకును ఆ దుకాణమున చిట్టాయు ఆవర్జాయు చేతివ్రాతతోనే నడచినవి. వృద్ధుడైన గుమాస్తాగారు పాత ఆవర్జా ముందుంచుకొని ఒక్కొక్క రైతు పేరును, వాని నిల్వను పైకి చదువుచుండగా, షావుకారుగారి కుమారుడు టాలీ 7.2 అను సాఫ్ట్‌వేరులో వానిని ఎక్కించెను. ఆ విధముగా నాకు ప్రాణము వచ్చినది.

నన్ను పోషించిన ఆ సాఫ్ట్‌వేరు పుట్టుకయు ఒక వర్తకుని అవసరమునుండియే సంభవించినది. 1986లో బెంగుళూరున శ్యామ్ సుందర్ గోయెంకా తన వ్యాపారపు లెక్కలకు ఒదుగునది దొరకక, కుమారుడైన భరత్ గోయెంకాను దానిని వ్రాయుమని కోరెను. ఖాతాకొక సంకేతాంకమును కేటాయించి, ఆ అంకెలను గుమాస్తా కంఠస్థము చేయవలసిన పద్ధతిని విడిచి, ఖాతాను దాని పేరుతోనే పిలుచు సౌలభ్యము టాలీలో ఏర్పడినది. చేతి ఆవర్జాలో జీవితమంతయు గడపినవారు కంప్యూటరునకు జంకకుండుటకు ఈ యొక్క గుణమే ముఖ్యకారణమని నా నమ్మకము. అయితే పేరే సర్వస్వమైన చోట ఒకే పేరు ఇద్దరికున్నచో ఏమగునన్న ప్రశ్న పండ్రెండేండ్ల పాటు నాలో నిద్రించుచుండెను.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినది. 7.2కు ఆ పన్ను తెలియదు. కనుక నేను టాలీ ఈఆర్పీ 9లోనికి మారక తప్పినది కాదు. పాత రూపమున నున్న నన్ను కొత్త సాఫ్ట్‌వేరు నేరుగా తెరువజాలదు. నన్ను మార్చుటకు వచ్చిన కుఱ్ఱవాడు చురుకైనవాడే.

“ముగింపు నిల్వలు మాత్రం ఎక్కించుకుని కొత్త కంపెనీ మొదలుపెడదామండీ. గంటలో అయిపోద్ది,” అనెను.

గుమాస్తాగారు కళ్లజోడు తీసి బల్లపై పెట్టిరి. “రైతు వచ్చి ఈ బాకీ ఏ ఏటిదని అడిగితే నేనేం చెప్పను బాబూ? తెస్తే అంతా తేవాలి. లేకపోతే వద్దు.”

ఈ మాటలో ఎంత న్యాయమున్నదో నాకంటె నెక్కువగా నెవరికిని తెలియదు. నిల్వ యనగా ఒక అంకె మాత్రమే. ఆ అంకె వెనుక విత్తనములకు తీసికొన్న అడ్వాన్సును, కాటా వేసిన మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కయు, కోత కోసిన కమీషనును, హమాలీ ఖర్చును, రైతు చేతికిచ్చిన లెక్కల చీటీయగు తక్‌పట్టీయు వరుసగా నున్నవి. వానిని విడిచి అంకెను మాత్రమే మోసికొని పోయినచో, రైతు అడిగిన ప్రశ్నకు “కంప్యూటరులో అంతే ఉన్నది” అను సమాధానమే మిగులును. అది సమాధానము కాదు.

పని సాగిన క్రమమును చెప్పెదను. మొదట పెన్ డ్రైవులోనికి నా ప్రతి నొకదానిని తీసిరి. తరువాత 7.2లోనే నన్ను తెరచి ఆసాంతము తిరుగవ్రాయించిరి. ఏలయన వోచరు భద్రమగుచుండగా కరెంటు పోయిన సందర్భములు గుంటూరు వేసవులలో అనేకము, అట్టి గాయములతో ప్రయాణమునకు బయలుదేరరాదు. అటుపిమ్మట మైగ్రేషను సాధనమునకు నేనున్న చోటును, పోవలసిన చోటును వేఱువేఱుగా చూపిరి. కొత్త యింట ముందు దేవుని పటమును పాలగిన్నెయు చేరినట్లు, ముందుగా మాస్టర్లనబడు గ్రూపులు, లెడ్జర్లు, సరకుల పేర్లు చేరినవి. వాని వెనుక వోచర్లు తేదీల వారీగా కదలినవి. ఈ వరుస తప్పరాదు. వోచరనగా ఫలానా ఖాతాకు జమ, ఫలానా ఖాతాకు ఖర్చు అను వాక్యము కదా; ఆ ఖాతాయే లేనిచోట ఆ వాక్యమునకు అర్థము లేదు. చివరకు ఐదంకెల పేరుగల ఫోల్డరులో ‘.900’ తోకతో నేను కన్ను తెరచితిని. పాత నేను పాత చోటనే చెక్కుచెదరక యుంటిని.

అసలు చిక్కు మరునాడు వచ్చినది. కోల్డు స్టోరేజి వద్దనున్న దుకాణపు రెండవ కౌంటరునకు టాలీలో వేఱుగా నొక కంపెనీ, అనగా లెక్కల సంపుటి, యుండెను. దానిని కూడ నాలో కలుపుటకై దాని మాస్టర్లను, వాని వెనుక వోచర్లను ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్లుగా తీసి నాలోనికి దిగుమతి చేసిరి. అప్పటికే యున్న పేర్లను ఏమి చేయవలెనని తెర అడుగును: విడిచిపెట్టుటయా, కొత్త సమాచారముతో దిద్దుటయా, ఓపెనింగ్ బ్యాలెన్సులను కలుపుటయా? కలుపుమని చెప్పిరి. ముగిసిన పిదప ట్రయల్ బ్యాలెన్సు తీయగా, ఖర్చు జమలు సమానము; రెండు పాత కంపెనీల మొత్తములకును పైసాతో సహా సరిపోయినది. కుఱ్ఱవాడు సంచి సర్దుకొనుచుండెను.

గుమాస్తాగారు లేవలేదు. ముందునాడే అచ్చు తీయించుకొన్న పాత జాబితాలపై ఎఱ్ఱపెన్సిలుతో ఒక్కొక్క పేరునకు టిక్కు పెట్టుచు క్రిందికి దిగిరి. ఒక పేరు వద్ద పెన్సిలు ఆగినది. నా పాత లెక్కలలో ఆ రైతునకు దుకాణమివ్వవలసినది రూ.62,500. కౌంటరు కంపెనీలో అదే ఇంటిపేరు, అదే పేరు, ఇవ్వవలసినది రూ.18,000. నాలో ఇప్పుడు ఒకే ఖాతా, రూ.80,500.

“వీళ్లిద్దరూ వేరు మనుషులు బాబూ. ఒకాయన తేజ రకం మిర్చి పండిస్తాడు, ఇంకొకాయన బాడిగ రకం. ఊళ్లు కూడా వేరు.”

మొత్తములు సరిపోవుటచేతనే ఈ దోషము కంటబడలేదు. ట్రయల్ బ్యాలెన్సు ధనము పోలేదని చెప్పును. ఆ ధనము ఎవరిదో చెప్పదు. పెద్ద రైతు ముందుగా వచ్చి ఖాతా అడిగియున్నచో చిన్నరైతు సొమ్మును కూడ అతని చేతబెట్టి పంపెడివారు గదా!

దిద్దుబాటు ఎక్కువ సేపు పట్టలేదు. దిగుమతికి ముందటి బ్యాకప్పునుండి నన్ను మరల నిలిపి, కౌంటరు కంపెనీలో ఆ రైతు పేరు ప్రక్కన ఊరి పేరు చేర్చిరి. లెడ్జరు పేరు ఒక్కచోట మార్చినచో వోచర్లన్నిటను దానంతట అదియే మారును. పిదప మాస్టర్లను, వాని వెనుక వోచర్లను తిరిగి దిగుమతి చేసిరి. నాటినుండి ఆ దుకాణమున ఊరి పేరు లేక ఏ రైతు ఖాతాయు తెరువబడలేదు.

2023లో టాలీ ప్రైమ్ 3.0 వచ్చిన తరువాత నేను మరల రూపము మార్చి ‘.1800’ తోకను ధరించితిని. అది సునాయాసముగా జరిగినది. ఒకసారి ఆ రూపమునకు వచ్చినచో పాత విడుదలలు నన్ను తెరువజాలవు. అందువలన ముందుగా ప్రతి తీసి దాచిరి. అప్పటికి గుమాస్తాగారు కొలువునుండి విశ్రాంతి తీసికొనియుండిరి. వారి స్థానమున వచ్చిన అమ్మాయియు జాబితాలను అచ్చు తీయించి, మొత్తములను చూచుటకు ముందు ఖాతాల సంఖ్యను చూచినది.

జీఎస్టీ చట్టము ప్రకారము వార్షిక రిటర్ను గడువునుండి 72 నెలలు లెక్కలను భద్రపరచిన చాలును. నాలోని 2005 నాటి వోచర్లు ఆ చట్టమునకు పూర్వపువి; వానికి ఆ గడువు వర్తింపదు. అయినను వానిని తీసివేయుదమా యని షావుకారుగారి కుమారుడు అడిగినప్పుడు ఆ అమ్మాయి ఒప్పుకొనలేదు. మరణించిన ఒక రైతు కుమార్తె, తండ్రి బాకీ తీరినదో లేదో తెలియక, గత సంక్రాంతికి ముందు దుకాణమునకు వచ్చియుండెను. ఆమెకు మొదటి అడ్వాన్సు మొదలుకొని చివరి జమ వరకు మొత్తము అచ్చు తీసి యిచ్చిరి. బాకీ తీరుటయే గాక, దుకాణమే రూ.3,240 ఇవ్వవలసియున్నట్లు తేలగా, ఆ సొమ్మును ఆమెకు ఆనాడే చెల్లించి, నాలో వోచరు వ్రాసిరి.