మునుగవచ్చుగాని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. మునుగవచ్చుగాని ముక్కుతో గాదయా
ఊపిరాపబోకు మొక్కమారు
కడలి వెడలి నేడె కనుమెక్కబోకయా
కాఫికొండకేమి కాళ్ళు లేవు

అవతారిక: కవి ఎవరో తెలియదు. రుషికొండ తీరాన సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగి, ‘ఓపెన్ వాటర్ డైవర్’ అనే తొలి మెట్టు కార్డు సంపాదించి, ఆ ఊపులో అరకు బయలుదేరబోతున్న శిష్యుణ్ణి చొక్కా పట్టుకుని ఆపి చెప్పినట్టుంది. నాలుగో పాదాన్ని బట్టి కవి అనంతగిరి తోటల కాఫీ మరిగినవాడని పండితుల నిర్ణయం. పండితులంటే ప్రస్తుతానికి ఈ టీకాకారుడొక్కడే.

ప్రతిపదార్థం: మునుగవచ్చుగాని = పదేళ్ళు నిండి, 200 మీటర్లు ఈది, పది నిమిషాలు నీటి మీద తేలగలిగితే మునగవచ్చుగాని; ముక్కుతో గాదయా = నోట కరచిన రెగ్యులేటరుతోనే గాలి పీల్చాలయ్యా; ఊపిరి, ఆపబోకుము, ఒక్కమారు = ఒక్కసారైనా ఊపిరి బిగబట్టకు; కడలి వెడలి = సముద్రంలోంచి బయటికి వచ్చి; నేడె = వెట్‌సూట్ ఇంకా ఆరకముందే; కనుమెక్కబోకయా = శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు పట్టకయ్యా; కాఫికొండకేమి = 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరబికా పండే అరకు కొండకు; కాళ్ళు లేవు = అది ఎక్కడికీ పోదు.

విశేషాలు: మొదటి పాదంలో కవి ముక్కును బొత్తిగా తోసిపుచ్చడం సాహసం. మాస్కులో నీళ్ళు చేరితే పైఅంచు నొక్కి ముక్కుతో గాలి ఊదితేనే అవి బయటికి పోతాయి. దిగుతుంటే చెవులు పోటెత్తినప్పుడు, ముక్కు మూసి మెల్లగా ఊదితేనే సర్దుకుంటాయి. కాబట్టి ‘పీల్చడానికి ముక్కు పనికిరాదు’ అనే వరకే అర్థం చెప్పుకోవాలి.

రెండో పాదం దగ్గర యోగాభ్యాసం ఉన్నవారు అడ్డుపడతారు: కుంభకం మంచిదే కదా? ఒడ్డున మంచిదే. పది మీటర్ల లోతున ఒంటి మీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లోని గాలి రెండింతలు కావాలని చూస్తుంది. చోటు చాలక వాటిని చీలుస్తుంది. అందుకే గాలి అయిపోయి పైకి లేచే అభ్యాసంలో శిష్యుడి చేత దారి పొడుగునా ‘ఆ...’ అనిపిస్తారు. అక్షరాభ్యాసంలో రెండో అక్షరం ఇంత పనికొస్తుందని ఏ బడిపంతులూ చెప్పలేదు.

అసలు గట్టి పాదం మూడోది. పూర్వపక్షం: మునిగాక ఆగమన్న నియమం విమానాలకు కదా, కారుకేమి? సమాధానం: రక్తం టికెట్టు చూడదు. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. పైన ఒత్తిడి తగ్గితే, గోలీ నొక్కిన సోడాలోలా బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పులతో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. దీనికి ప్రమాణం శాస్త్రవేత్త హాల్డేన్. ఆయన మేకలను పీడన గదిలో ఉంచి పరీక్షించి, ఎంత లోతు నుంచి ఎంత నిదానంగా లేవాలో 1908లో పట్టికలు వేశాడు. (మేకలను వ్యాఖ్యానంలోకి లాగినందుకు ఆలంకారికులు క్షమించాలి.) ఇప్పుడు డైవర్లు పాటించే లెక్క ప్రకారం ఒక్క మునకైతే కనీసం 12 గంటలు, పలు మునకలైతే కనీసం 18 గంటలు ఆగాలి. ఈ తొలి కోర్సులో సముద్రపు మునకలే నాలుగు, కనుక శిష్యుడికి చెల్లేది 18. ఈ లెక్క విమానంతో పాటు దాదాపు 610 మీటర్లు దాటిన ప్రతి ఎత్తుకూ వర్తిస్తుంది. అరకు దారిలోని శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. సాయంత్రం నాలుగింటికి నీళ్ళలోంచి లేచినవాడు మర్నాడు పొద్దున ఆరింటికి అరకు దగ్గరి మాడగడ మబ్బుల్లో ఫొటో దిగితే గడిచినవి 14 గంటలే.

‘కాఫికొండ’ బదులు ‘బొర్రకొండ’ అని పాఠాంతరం కల్పించవచ్చునేమో గాని యతి చెడుతుంది. బొర్రా గుహల గోస్తని భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నదికి దిగడమే తెలుసు గనుక ఏ నియమమూ లేదు.

తాత్పర్యం: అన్వయం మార్చుకోవాలి. పద్యంలో కడలి ముందు, కనుమ తర్వాత. ప్రయాణంలో కనుమ ముందు, కడలి తర్వాత. అరకు చూసి, కాఫీ తాగి, కొండ దిగి వచ్చి, ఆపైన మునగాలి. సెలవులు అలా కుదరనివాడు మధ్యలో ఒక రోజు విశాఖలో ఖాళీగా గడపాలి. ఆ రోజు కైలాసగిరి ఎక్కవచ్చునా అని శిష్యుడి సందేహం. ఎక్కవచ్చు, అది 610 మీటర్లకు చాలా కిందే ఉంది, రోప్‌వే కూడా ఉంది.