రామతీర్థ పాఠం: ‘మేచ్ మందేరా’ సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

విజయనగరానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో, బోడికొండకూ గురుభక్తుల కొండకూ దగ్గరగా ఉన్న రామతీర్థం కోదండరాముడి భక్తులకు క్షేత్రం, బౌద్ధ జైన శిథిలాలను పరిశోధించేవారికి ఆకరం. ప్రస్తుత వ్యాఖ్యానానికి మాత్రం ఆ ఊరితో ఉన్న పని వేరు. ఏటా మార్చి నెలాఖరు నుంచి వేసవి ముగిసేదాకా, రాత్రి పదకొండు దాటి టీవీలు ఆగిపోయాక, అక్కడి అరుగుల మీద ఒక సూత్రం వినబడుతుంది. దీనికి తాళపత్ర ప్రతి లేదు, కర్త పేరు లేదు. ఒకరు అంటే ఇంకొకరు పూరించే మౌఖిక సంప్రదాయంలో ఇది నిలిచి ఉంది. మూలం ఇది:

“మేచ్ మందేరా. టాసొకటి పోనాది. ఆ కేచ్ పట్టీసుంటేనా! ఏటీ అయిపోనేదు, ఒచ్చే ఏడు కప్పు మందే.”

ఈ సూత్రం జట్టు ఓడిన రాత్రి మాత్రమే వెలువడుతుందన్నది మొదట గ్రహించవలసిన సంగతి. గెలిచిన రాత్రి పుట్టేవి ఈలలు, కేకలు. వాటికి టీక అక్కరలేదు. మెదక్ సీమలోని కొలచారానికి చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ నియమం పెట్టుకుని కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఆ నియమంలో మొదటి సగమే ఇక్కడ పాటించడానికి వీలవుతుంది. ఎందుకంటే క్రికెట్ అభిమాని మాట్లాడేదంతా అవసరం లేనిదేనని వాదించేవారు ప్రతి ఇంట్లోనూ ఒకరైనా ఉంటారు, వారి తీర్పును మన్నిస్తే ఈ వ్యాఖ్య ఇక్కడితోనే ఆగిపోవాలి.

ప్రతిపదార్థం

మేచ్ = ఇరవై ఓవర్ల ఆట; మందే = మనదే, ఇందులోని ఏకారం అవధారణార్థకం, అంటే ఇంకొకరిది కాదని గట్టిగా తేల్చేది; రా = సమవయస్కుణ్ణి పిలిచే సంబోధన, తండ్రి పక్కన కూర్చుని ఉంటే ఇది లోపిస్తుంది; టాసు = ముందు ఎవరు బ్యాటు పట్టాలో నిర్ణయించడానికి నాణెం ఎగరవేయడం; ఒకటి = ఇది తప్ప మరో లోపం లేదని అర్థం; పోనాది = పోయింది, ఉత్తరాంధ్ర రూపం; ఆ = వక్తకూ శ్రోతకూ ముందే తెలిసినదాన్ని చూపే విశేషణం, కనుక ఏ కేచ్ అని అడిగినవాడు ఆట చూడలేదని తేలిపోతుంది; పట్టీసుంటేనా = పట్టేసి ఉంటేనా; ఏటీ = ఏమీ; అయిపోనేదు = ముగిసిపోలేదు; ఒచ్చే ఏడు = రాబోయే సంవత్సరం; కప్పు = విజేతకిచ్చే పాత్ర, ఇక్కడ లక్షణార్థంలో, అంటే వస్తువు పేరుతో దాని వెనుక ఉన్న గౌరవాన్ని చెప్పే పద్ధతిలో వాడబడింది.

అన్వయం

అన్వయమంటే పదాలను అర్థం కుదిరే వరసలో పేర్చుకోవడం. టాసు పోకుండా ఉండి, ఆ కేచ్ కూడా పట్టి ఉంటే, మేచ్ మనదై ఉండేది అని చదివితే వాక్యం సాఫీగా నడుస్తుంది. కాని సూత్రకర్త ఫలాన్ని ముందు పెట్టి, కారణాలను వెనక నిలిపి, అసలు జరిగినదాన్ని, అంటే ఓటమిని, ఎక్కడా ఉచ్చరించలేదు. ఓడిపోయాం అన్న క్రియ లేకుండా ఓటమిని పూర్తిగా వర్ణించడం ఈ సూత్రంలోని శిల్పం. మూడో వాక్యంలోని ‘ఉంటే’ చేదర్థకం, అంటే ఒకటి జరిగితే మరొకటి జరిగేదని చెప్పే క్రియారూపం. సూత్రం బరువంతా మోస్తున్నది అదే. స్కోరు పట్టికలో పరుగులకు గడి ఉంది, వికెట్లకు గడి ఉంది, ‘ఉంటే’కు గడి లేదు, ఆ లేని గడిని నింపే పని అభిమాని తన మీద వేసుకున్నాడు.

‘మన’ శబ్ద విచారం

వ్యాఖ్యాతలను ఎక్కువగా కష్టపెట్టేది ‘మన’. ఐపీఎల్‌లో ఆంధ్రప్రదేశ్ పేరిట జట్టు లేదు. 2008లో మొదలైన డెక్కన్ చార్జర్స్, దాని తర్వాత 2013లో దిగిన సన్‌రైజర్స్, రెండూ హైదరాబాదువి. ఆ హైదరాబాదు పదేళ్ళు ఉమ్మడి రాజధానిగా ఉండి 2024 జూన్‌తో పూర్తిగా పొరుగు రాష్ట్రానిదైంది. సొంత మైదానమని చెప్పుకోదగినది విశాఖపట్నంలోని పోతినమల్లయ్యపాలెం స్టేడియం. అక్కడికి ఎవరెవరో వచ్చి కాపురం పెట్టారు: 2016లో మహారాష్ట్రలో కరువు వచ్చి ఆటలు తరలినప్పుడు ముంబై, పుణె జట్లు, 2024లోనూ 2025లోనూ రెండో సొంత మైదానం పేరుతో ఢిల్లీ. ఇదే ఢిల్లీ, 2019 మే 8న ఇదే మైదానంలో, ఓడితే ఇంటికే అన్న ఎలిమినేటర్ ఆటలో సన్‌రైజర్స్‌ను రెండు వికెట్ల తేడాతో ఓడించి పంపింది. ఆ రాత్రి శాపనార్థాలు తిన్న జట్టు ఐదేళ్ళకు ఇల్లరికపు అల్లుడిలా అదే గడపలో అడుగుపెడితే ‘మన’ శబ్దం దానికీ వర్తిస్తుందా అన్నది ప్రశ్న. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు కొట్టింది ఈ మైదానంలోనే కనుక చెన్నై కూడా మనదేనని వాదించే శాఖ ఒకటుంది. ఆ శాఖవారు పసుపు చొక్కాలు వేసుకుంటారు గనుక గుర్తుపట్టడం తేలిక.

ఈ సీమకు సొంత జట్టు ఎన్నడూ లేకపోలేదు. విజ్జీగా పేరుపడ్డ విజయనగరం మహారాజకుమారుడు విజయానంద గజపతిరాజు 1930–31లో తన జట్టు తరఫున ఆడేందుకు ఇంగ్లండు మేటి బ్యాట్స్‌మన్లు హాబ్స్‌నూ సట్క్లిఫ్‌నూ రప్పించాడు. 1936లో ఆయన భారత జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళి, మూడు టెస్టులలో కలిపి 33 పరుగులు చేసి, ఆ పర్యటన నడుస్తుండగానే ‘సర్’ బిరుదు పొందాడు. లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే వెనక్కి పంపిన పర్యటన కూడా అదే. జట్టును కొని నడిపే పని అప్పుడు జమీందార్లు చేశారు, ఇప్పుడు కంపెనీలు చేస్తున్నాయి. కంపెనీ యజమానులు కెప్టెన్సీ తమకే కావాలని అడగకపోవడాన్ని ఆట సాధించిన పురోగతిగా లెక్కించాలి.

‘మన’ శబ్దానికి సిద్ధాంతం, అంటే వాదాలన్నీ విన్నాక నిలిచే అర్థం, ఇలా చెప్పవలసి ఉంటుంది: ఏ జట్టు ఓడితే ఆ రాత్రి అన్నం సయించదో ఆ జట్టు మనది. పటం చూసి తేల్చుకునే సంగతి కాదిది. రామతీర్థంలో ఈ లక్షణం ఎక్కువమందికి సన్‌రైజర్స్ విషయంలోనే సరిపోతుంది గనుక ఈ వ్యాఖ్య ఆ పాఠాన్నే అనుసరిస్తున్నది.

‘టాసొకటి పోనాది’

రాత్రి ఆటలలో తేమ పట్టిన గాలి వల్ల రెండో ఇన్నింగ్స్‌లో మైదానం మీద మంచు దిగి, బంతి తడిసి, స్పిన్నర్ వేళ్ళ మధ్య నిలవదు. అందుచేత రెండోసారి బౌలింగ్ చేసే జట్టుకు నష్టమన్నది అభిమాని వాదం. ఇది నిరాధారం కాదు. 2025లో ఐపీఎల్ నిర్వాహకులే, రాత్రి ఆటల రెండో ఇన్నింగ్స్‌లో పదో ఓవరు దాటాక బౌలింగ్ జట్టు మరో బంతిని అడగవచ్చని నియమం చేర్చారు. అంటే అరుగు మీద పుట్టిన ఫిర్యాదు నిబంధనావళిలోకి ఎక్కింది.

అయితే పూర్వపక్షం, అంటే ఎదుటివారి ఆక్షేపం, గట్టిదే. భారత జట్టు 2023 నవంబరు 19న అహ్మదాబాద్ ప్రపంచకప్ ఫైనల్‌తో మొదలుపెట్టి, వన్డే ఆటల్లో వరసగా ఇరవై టాసులు ఓడింది. నాణెం నిష్పక్షపాతి అయితే అలా జరిగే అవకాశం 10,48,576లో ఒకటి. ఆ వరస తెగింది 2025 డిసెంబరు 6న, విశాఖపట్నంలోనే, దక్షిణాఫ్రికా మీద, నాయకుడు కె.ఎల్. రాహుల్ టాసు గెలిచాడు, జట్టు తొమ్మిది వికెట్ల తేడాతో ఆట గెలిచింది. అభిమాని ఈ ఉదాహరణ దగ్గరే ఆగిపోతాడు. ఆ ఇరవై ఓటముల నడుమనే, 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అయిదు ఆటల్లో అయిదు టాసులూ ఓడి అయిదు ఆటలూ గెలిచి భారత జట్టు చాంపియన్స్ ట్రోఫీ ఎత్తుకున్న సంగతి ఆయన ఎత్తడు. 2024 మే 26న చెన్నైలో జరిగిన ఐపీఎల్ ఫైనల్‌లో టాసు గెలిచి, కోరి బ్యాటింగ్ తీసుకుని, 113 పరుగులకే కుప్పకూలి కోల్‌కతా చేతిలో ఎనిమిది వికెట్ల తేడాతో ఓడింది సన్‌రైజర్సే. నెలన్నర కిందట బెంగళూరు మీద 287 కొట్టిన జట్టు అది. ఆ రాత్రికి సూత్రం ‘టాసొకటి నెగ్గి సచ్చినాం’ అని మారింది. శాస్త్రం దీన్ని అపపాఠం అనదు, ఊహ అంటుంది. అంటే సందర్భం కొద్దీ మంత్రంలోని విభక్తిని, పదాన్ని మార్చుకోవడం.

‘ఆ కేచ్ పట్టీసుంటేనా’

దీనికి ‘ఆ స్టంపింగు సేసీసుంటేనా’ అనే పాఠాంతరం ఉంది. అది రిషభ్ పంత్ అభిమానులది. 2025 మార్చి 24న విశాఖలో లక్నో 209 పరుగులు చేయగా, ఢిల్లీ చివరి ఓవరుకు వచ్చేసరికి ఆరు పరుగులు కావలసి, ఒక్క వికెట్టు మిగిలి ఉంది. మొదటి బంతికే మోహిత్ శర్మను స్టంప్ చేసే అవకాశం లక్నో కెప్టెన్, వికెట్‌కీపర్ పంత్ చేయి జారింది. తర్వాతి బంతికి ఒక పరుగు వచ్చింది, ఆ పైబంతికి అశుతోష్ శర్మ సిక్సర్ కొట్టాడు, ఆట అయిపోయింది. కనుక ‘ఉంటే’ ఇక్కడ అక్షరాలా నిజం: బంతి పంత్ చేతికి అంది బెయిల్స్ లేచి ఉంటే లక్నో గెలిచేది. కాని ఏడు పరుగులకు మూడు, అరవై అయిదుకు అయిదు వికెట్లు పడిన జట్టును ఒడ్డెక్కనిచ్చిన మిగతా ఓవర్ల బౌలింగ్ ఆ ఒక్క జారిన బంతి చాటున దాగిపోయింది.

తర్కశాస్త్రంలో హేత్వాభాస అంటే కారణంలా కనిపించే కారణం కానిది. దీనికి ప్రపంచంలోకెల్లా పెద్ద నిదర్శనం అమెరికా బేస్‌బాల్‌లో ఉంది. ఏడు ఆటల్లో నాలుగు ముందుగా గెలిచినవారిని విజేతలుగా తేల్చే వార్షిక తుది పోటీని అక్కడ వరల్డ్ సిరీస్ అంటారు. 1986 అక్టోబరు 25న, ఆరో ఆటలో, బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు బిల్ బక్నర్ కాళ్ళ మధ్య నుంచి నేలబారు బంతి దూసుకుపోయి న్యూయార్క్ మెట్స్ గెలిచింది. బోస్టన్ అభిమానులు 1918 నుంచి రాని కప్పు బరువునంతా ఆ కాళ్ళ మీద పెట్టారు. విచారిస్తే, బంతి రాకముందే స్కోరు 5–5తో సమమైపోయి ఉంది. ఆయన బంతిని ఆపినా ఆ ఆట గెలిచినట్టు కాదు, సాగినట్టు మాత్రమే. ఆ పైన ఏడో ఆట మిగిలే ఉంది, దాన్ని జట్టంతా కలిసి 8–5తో ఓడింది. అయినా ‘ఆ బంతి ఆపి ఉంటేనా’ అన్నది పద్దెనిమిదేళ్ళపాటు, 2004లో కప్పు వచ్చేదాకా, అక్కడి అరుగుల మీద వినిపించిన సూత్రం. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ 1991 జనవరిలో సూపర్ బౌల్ ఆఖరి క్షణాల్లో బఫెలో జట్టు తన్నిన బంతి స్తంభానికి కుడిపక్కగా పోయి 20–19తో ఓడిన కథ ఈ కోవదే. ఆ జట్టు ఆ తర్వాత వరసగా మరో మూడు తుదిపోటీలు ఓడడంతో ఆ పాత ‘ఉంటే’కు ఇంకా విలువ పెరిగింది.

అభిమాని ఇలా ఎందుకు చేస్తాడన్నదానికి ఆత్మవంచన అని తేల్చేసేవారున్నారు. అది తొందరపాటు. ఓటమి మొత్తాన్ని ఒక్క క్షణానికి కుదించి, ఆ క్షణాన్ని ఒక్క మనిషికి అంటగడితే, మిగిలిన మూడున్నర గంటలు, మిగిలిన పదిమంది నిర్దోషులై తన పక్షాన ఉండిపోతారు. ఇది గుమాస్తా తెలివి: పద్దంతా ఒక్క పేరు మీద రాసి మిగతా ఖాతాలు శుభ్రంగా ఉంచడం. అన్యాయమైపోయేది ఆ ఒక్క మనిషికే. బక్నర్‌కు 2008లో బోస్టన్ మైదానంలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు గాని, దానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

తాత్పర్యం

మేము ఆడిన ఆట మంచిది. నాణెమూ ఒక జత చేతులూ మాత్రం చెడ్డవి. కాలం మిగిలే ఉంది.

‘ఒచ్చే ఏడు కప్పు మందే’

తాత్పర్యం చెప్పాక కూడా మిగిలిపోయే విశేషం ఈ చివరి పాదంలో ఉంది. మొదటి ‘మందే’ చేజారిన ఆటను గురించినది, రెండోది రాని సంవత్సరాన్ని గురించినది. కాబట్టి ఇది పునరుక్తి కాదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పేటలో డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు అభిమానులు ఇదే పాదాన్ని దశాబ్దాలపాటు వల్లించారు, 1955లో నిజంగానే కప్పు వచ్చింది, 1957 ఆటలు ముగియగానే యజమాని జట్టును లాస్ ఏంజిలిస్‌కు తరలించుకుపోయాడు. తెలుగునాట దీనికి సాటి డెక్కన్ చార్జర్స్: 2008లో అట్టడుగున నిలిచి, 2009లో దక్షిణాఫ్రికా గడ్డ మీద కప్పు గెలిచి, 2012లో రద్దయింది. కప్పు వచ్చే ఏడు వస్తుందన్నాడు గాని జట్టు వచ్చే ఏడు ఉంటుందని సూత్రకర్త ఎక్కడా అనలేదు. ఆ జాగ్రత్త మెచ్చదగినది.

ఈ సూత్రం అమెరికాలోనూ చెల్లుతుంది. అక్కడ డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో 2008లో బేస్‌బాల్ కోసం కట్టిన మైదానాన్ని క్రికెట్‌కు మార్చి 2023 నుంచి మేజర్ లీగ్ క్రికెట్ ఆడుతున్నారు, చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువారికి అది దగ్గర చోటు. ఓక్లండ్‌లో ఫుట్‌బాల్ జట్టు 2019తోనూ, బేస్‌బాల్ జట్టు 2024తోనూ ఖాళీ చేసి వెళ్ళిన కొలీజియంలో అదే లీగ్ ఆటలో 2025 జూన్ 12న ఫిన్ అలెన్ పందొమ్మిది సిక్సర్లు కొట్టి 151 పరుగులు చేశాడు. అక్కడి గ్యాలరీలో ఓడిన పక్షాన కూర్చున్న ఉత్తరాంధ్ర మనిషికి అమెరికా మాండలికంలో కొత్త సూత్రం నేర్చుకోవలసిన అవసరం కలగదు. ‘టాసొకటి పోనాది’ అని మొదలుపెడితే చాలు, పక్క కుర్చీలోని అమలాపురం వాడో అనంతపురం వాడో తన యాసలో కేచ్ సంగతి అందుకుంటాడు.